జేబులో టెలిఫోను

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయుమని కార్యదర్శిగారు కోరినారు. రాజుల చరిత్ర వ్రాయదగిన చదువు నాకు లేదు. మెట్రిక్యులేషన్‌తో రైల్వే గుమాస్తా నైనవాడను. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరిన తరువాత నేర్చుకొన్నవే. అందుచేత మన యిండ్లలో వున్న చిన్న వస్తువు, బొత్తాముల చవక సెల్‌ఫోనును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతపు తెలుగువారిలో చాలామందికి తెలుగు నోటి భాషయే గాని చేతి భాష కాదు. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారి యింటి భాష తెలుగు. అయినను మన పూర్వుల వలస కథను 1976లో "గోపల్ల గ్రామం" అనే నవలగా ఆయన వ్రాసినది తమిళంలోనే.

నా చిన్నతనంలో విరుదునగరం మేనత్తకు జాబు వ్రాయాలంటే మా అవ్వ తెలుగులో చెప్పేది, నేను తమిళంలో వ్రాసేవాణ్ణి. "నే జెప్పినట్లే రాసినావా?" అని అడిగేది. "ఆ" అనేవాణ్ణి. అది అబద్ధమే. ఆమె మాట ఏనాడూ తపాలా కెక్కలేదు.

1960లో కాన్పూరు, లక్నోల మధ్య మన దేశపు మొదటి ఎస్.టి.డి. వచ్చినది. 1980ల తరువాత పసుపుపచ్చ బోర్డుల బూతులు వూరూరా వెలసినవి. అయితే మీటరులో అంకెలు పరుగెత్తుచుండగా, వెనుక నలుగురు కాచుకొని వుండగా, మనసులోని మాట నోటికి వచ్చునా?

1973లో న్యూయార్కులో మార్టిన్ కూపర్ పట్టుకొని మాట్లాడిన సెల్‌ఫోను కిలోకు పైబడిన బరువు. మన దేశంలో 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని సుఖ్‌రాంతో మాట్లాడినారు. ఆ రోజుల్లో మనకు వచ్చిన కాలుకు కూడా మనమే డబ్బు కట్టవలసి వుండేది. 2003లో ఆ పద్ధతి పోయినది. పేదయింటికి సెల్‌ఫోను రావడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. చేతిలో కాసు లేకున్నా కూతురు పిలిస్తే తల్లి పలుకవచ్చును. ఆ యేడే నోకియా 1100 వచ్చినది. దుమ్ము దూరని బొత్తాములు, టార్చిలైటు, 86 గ్రాముల బరువు. ఆ సంస్థ 2006లో మన శ్రీపెరుంబుదూరులో కర్మాగారం తెరచి, 2014లో మూసివేసినది. 2013లో వచ్చిన నోకియా 105 మరింత పలుచన. బరువు 70 గ్రాములే. అదే సంవత్సరం జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసినది.

అటువంటి పలుచని ఫోను ఒకటి అవ్వకు కొనిచ్చినాను. 2 అంకె నొక్కిపట్టితే అత్తకు పోయేలా అమర్చినాను. మొదటినాడు అరగంట మాట్లాడి, ఫోను నా చేతికిచ్చి, "నే జెప్పాల్సింది ఇన్నాళ్లకు నేనే జెప్పుకొన్నాను రా" అన్నది.

అవ్వ యిప్పుడు లేదు. ఆ ఫోను నా జేబులో వున్నది. 2 నొక్కితే అత్త మనుమడు పలుకుతాడు. నేను తెలుగులో అడిగితే వాడు తమిళంలో బదులిస్తాడు. ఫోనును తప్పుపట్టి లాభం లేదు. మనం పలికినదే అది మోసుకొని పోవును.

సోదర సోదరీమణులారా, ఈ ఉగాదినాడు దూరపు చుట్టం ఒకరిని పిలిచి, తెలుగులో పలకరించండి. అవతల పిల్లవాడు ఎత్తితే, పెద్దవారికి ఇమ్మనకండి. వాడితోనే మాట్లాడండి.