పన్నెండున్నర వేల గీత

ఈ గాథలో ఇల్లు, మాటలు అల్లినవి. ఇస్నాపూర్ కార్మికవాడలో ఏ గదిలోనైనా జరగగలిగినవే కనుక పేర్లు పెట్టలేదు. నిబంధనలు మాత్రం నిజం.

ఇస్నాపూర్‌లో అద్దెగది. పాశమైలారం మందుల కంపెనీలో డ్యూటీ దిగొచ్చిన తండ్రి చొక్కా కూడా విప్పలేదు. ఇంటర్ పాసైన పెద్దపొల్ల చేతిలో గురుకుల డిగ్రీ కాలేజీ దరఖాస్తు. దళిత ఆడపిల్లల కోసం 2016లో రాష్ట్రంలో మొదలైన గురుకుల డిగ్రీ కాలేజీల్లో ఒకటి ఇదే జిల్లాలో, ముంబై హైవే మీది బుధేరాలో ఉంది. చదువు, తిండి, వసతి అన్నీ ఉచితం.

అడ్డమొచ్చింది ఆదాయ సర్టిఫికెట్. కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి లక్షన్నర, అంటే నెలకు పన్నెండున్నర వేలు, పట్టణంలో ఏడాదికి 2 లక్షలు దాటొద్దని అప్పటి నిబంధన.

"నాకు ఎనిమిదిన్నర వేలు. మీ అమ్మకు రోజుకు రెండొందలు, ఇరవై ఆరు దినాలు," అని తండ్రి లెక్క కట్టాడు. నెలకు 13,700. ఏడాదికి 1,64,400.

"దాటిపాయె," అంది పొల్ల.

పటాన్‌చెరులో ఉంటే ఈ చిక్కే లేదు. అది అప్పట్లో హైదరాబాద్ కార్పొరేషన్ కింద పట్టణం. ఇస్నాపూర్ అప్పటికి గ్రామపంచాయతీ. అవే కంపెనీలు, అదే జీతం, అదే హైవే. కిరాయి తక్కువని నాలుగడుగులు ఇవతల గది తీసుకున్నందుకు పొల్ల చదువుకు గండం. పేదరికాన్ని పంచాయతీ హద్దుతో కొలిచే ఈ తెలివి ఎవరిదో!

పొల్ల చదివిన జూనియర్ కాలేజీ లెక్చరర్ మరునాడు వచ్చి, చాయ్ కూడా తాగకుండా తల్లినే అడిగాడు.

"అవ్వా, నెలలో నీకు నిజంగ ఎన్ని దినాలు పని దొరుకుతది?"

"ఆర్డర్ ఉంటేనే పిలుస్తరు సారూ. లేకుంటే గేటు కాడికెల్లే తిరిగి రావుడే."

"హాజరు చీటీలు ఉన్నయా?"

బియ్యం డబ్బాలోంచి పాలిథిన్ సంచి తీసిందామె. మడతలు పడ్డ చీటీలు, మేస్త్రీ సంతకాలు. ఒక నెల ఇరవై, ఇంకో నెల పదహారు. సగటున పద్దెనిమిది దినాలు, అంటే 3,600. భర్త జీతంతో కలిపి 12,100. ఏడాదికి 1,45,200.

దొంగ లెక్క రాయాల్సిన పని పడలేదు. కార్మికురాలంటే నెలంతా పని ఉంటుందన్న ఊహ తీసేస్తే చాలింది. ఆ చీటీలతోనే మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగారు. సర్టిఫికెట్ వచ్చింది, సీటూ వచ్చింది.

ట్రంకుపెట్టె సర్దుతుంటే తల్లి లెక్చరర్‌ను అడిగింది.

"రేపు నాకు నెలంతా పని దొరికితే ఎట్ల సారూ?"

"దొరికితే చెయ్యవ్వా. చిన్నపొల్ల డిగ్రీకొచ్చినప్పుడు మళ్ల కూసుందం. చీటీలు మాత్రం పారెయ్యకు."