వలస పత్రాలలో స్వగ్రామ నామ నిర్ణయం: కొన్ని పద్ధతులు

పూర్వికుల జన్మస్థలాన్ని గుర్తించడానికి ఇంగ్లండులో 1851 నుంచి జనగణన చేతిరాత పుస్తకాలు ఆధారంగా నిలిచాయి. వలస పాలన కాలపు భారత జనగణనలలో మిగిలినవి ప్రధానంగా సంకలిత పట్టికలే. వ్యక్తుల వివరాలు వాటిలో లభించవు. ఈ లోటును సముద్రాంతరాలకు వెళ్ళిన తెలుగువారి విషయంలో ఓడల జాబితాలు, వలస అనుమతి పత్రాలు కొంతవరకు తీరుస్తున్నాయి. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు నేటాలుకు 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు వెళ్ళారు. ఫిజీకి మద్రాసు నుంచి కూలీల రవాణా 1903లో ఆరంభమైంది. ఈ పత్రాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామం నమోదయ్యాయి.

గ్రామనామ పఠనంలో మొదటి చిక్కు లిపికి సంబంధించినది. కూలీ నోట పలికిన తెలుగు పేరును గుమాస్తా తన చెవికి తోచినట్లు ఆంగ్లాక్షరాలలో వ్రాశాడు. ఆ లిపిలో త, ట అక్షరాలకు గాని, హ్రస్వ దీర్ఘాలకు గాని స్థిరమైన భేదం లేదు. కనుక 'కోట', 'కొత్త' అనే పూర్వపదాలు ఒకే రూపంలో కనిపించవచ్చు. దానికి తోడు తొందరపాటు చేతిరాతలో 'ఎన్', 'యు' అక్షరాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. అదే గుమాస్తా అదే పుటలో వ్రాసిన, సందేహానికి తావులేని ఇతర పదాలతో పోల్చి చూడడమే దీనికి తగిన పరిష్కారం.

రెండవ చిక్కు పాలనా సరిహద్దులది. చికాకోల్, అనగా శ్రీకాకుళం, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం జిల్లాలో ఉండేది. తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. 'గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా' అన్న నమోదును నేటి పటంతో చదివితే శ్రీకాకుళ ప్రాంతీయుడు ఒడిశా వాడవుతాడు. ఇదే విధంగా చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు 1911కు పూర్వం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. కనుక పత్రం నాటి తాలూకా గ్రామాల పట్టికతోనే పేరును సరిచూడాలి.

ఇంత చేసినా ఒకే తాలూకాలో ఒకే పేరుగల గ్రామాలు రెండు మూడు ఉండవచ్చు. అప్పుడు తండ్రి పేరు, కులం, అదే ఓడలో వరుస సంఖ్యలతో నమోదైన సహప్రయాణికుల గ్రామాలు తోడ్పడతాయి. అవి కూడా చాలనప్పుడు తాలూకాను నిశ్చితమనీ, గ్రామాన్ని సంభావ్యమనీ వేరుచేసి చెప్పడమే న్యాయం. నాలుగైదు తరాల తరువాత సొంత ఊరిని వెదుకుతూ వచ్చే వారసులకు పరిశోధకుడు తొందరపడి చూపిన ఊరే బంధుత్వమవుతుంది. ఒక అక్షరాన్ని తప్పుగా చదివితే ఒక కుటుంబం మరొకరి వంశవృక్షంలో చేరిపోతుంది.