స్వార్థమే నీతికి మూలమా?

మనలో నెవరైనను ఒక బీదబాలునకు బడిజీతము కట్టినచో, లేక యొక వితంతువు చదువునకు దోడుపడినచో, "ఇందులో గొప్ప యేమున్నది? పేరు రాకున్నను మనస్సునకు సంతోషము కలుగును గదా! ఇదియు స్వార్థమే" అని పెదవి విఱచువారు ప్రతి యూరను గలరు. ఈ మాటకు సమాధానము తోచక మంచిపని చేయువారును సిగ్గుపడి యూరకుందురు. కాని యిది క్రొత్త వాదము కాదు. ఇంగ్లండునందు మూడున్నర శతాబ్దములకు బూర్వమే యిది ప్రబలి, గొప్ప పండితుల చేతులలో బెరిగి, గొప్ప పండితులచేతనే ఖండింపబడినది.

థామసు హాబ్సు 1588లో జన్మించెను. రాజునకును పార్లమెంటునకును వైరము ముదురుచుండగా నాతడు 1640లో పారిసునకు బాఱిపోయి యించుమించు పదునొకండేండ్లు అచ్చటనే గడపెను. 1642లో స్వదేశమున నంతర్యుద్ధము చెలరేగెను. 1649లో మొదటి ఛార్లెసు రాజునకు శిరచ్ఛేదము జరిగెను. 1651లో వెలువడిన లెవయథాన్ అను గ్రంథము ఈ రక్తపాతపు నీడలో వ్రాయబడినది. ఒక్కొక్క మతశాఖవారు దేవుడు తమ పక్షముననే యున్నాడని కత్తి దూయుచున్న దినములలో, ఎల్లరును నొప్పుకొనదగిన పునాది యొకటి కావలెనని హాబ్సు వెదకెను. ప్రాణభయమును, ఆత్మరక్షణేచ్ఛయు నందఱకును గలవు గదా! శాంతిని గోరుట, ఆడినమాట తప్పకుండుట, కృతజ్ఞత కలిగియుండుట, ఇవి యన్నియు మనుష్యుడు తన్ను దాను రక్షించుకొనుటకు గావలసిన నియమములే యని యాతడు సిద్ధాంతము చేసెను. ఇట్లు చెప్పినందున నాతనిని దుర్మార్గుడని నిందించుట న్యాయము కాదు.

అయినను హాబ్సే యొక ప్రశ్నను గప్పిపుచ్చక యెత్తికొనెను. మాట తప్పినచో లాభము కలుగును, ఎవ్వరికిని దెలియదు. అప్పుడేల తప్పగూడదని యొక మూర్ఖు డడిగిన నేమి చెప్పవలెను? ఇతరుల పొరపాటును నమ్ముకొని బ్రదుకుట తెలివితక్కువ, మాట తప్పువానిని సంఘము తెలిసి చేర్చుకొనదు, అని యాతని ప్రత్యుత్తరము. ఈ యుత్తరము మోసము అపాయకరమని చూపునే గాని తప్పని చూపదు. అపాయము నిజముగా లేనిచోట, దిక్కులేని విధవ సొమ్మును కాగితములు మార్చి హరించు జ్ఞాతికి హాబ్సు చెప్పగల దేమున్నది? ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథమున, ధరించినవానిని అదృశ్యుని జేయు ఉంగరపు కథ చెప్పించి, ఈ చిక్కునే రెండువేల యేండ్లకు ముందు చూపియుండెను.

హాబ్సు స్నేహితుడగు జాన్ ఆబ్రే యొక చిన్న సంగతి వ్రాసియుంచెను. లండనులోని స్ట్రాండు వీథిలో రోగియగు నొక ముదుసలి హాబ్సును బిచ్చ మడుగగా, నాతడు జాలితో జేబులో చేయిపెట్టి ఆఱు పెన్నీ లిచ్చెను. ప్రక్కనున్న మతాచార్యు డొకడు, క్రీస్తు ఆజ్ఞ లేకున్నను ఇచ్చియుందురా యని యడిగెను. ఇచ్చియుందు ననియు, ఆ వృద్ధుని దుస్థితి చూడగా తనకు బాధ కలిగె ననియు, వానికి గొంత యుపశమనము కలుగుటచే దన బాధయు దీఱె ననియు హాబ్సు బదులు చెప్పెను. మన యూరి పెదవి విఱుపుల సారమంతయు నీ ఆఱు పెన్నీలలో నున్నది.

ఈ వాదము పండితుల గదులలోనే నిలిచిపోయినచో నంత చింత లేదు. బెర్నార్డు మాండెవిల్ అను వైద్యుడు హాలండునుండి వచ్చి లండనులో స్థిరపడెను. ఆతడు 1705లో నొక తేనెతుట్టె కథను పద్యములలో వ్రాసి, 1714లో వ్యాఖ్యలు చేర్చి, తేనెటీగల కథ యను పేర గ్రంథముగా బ్రకటించెను. తేనెటీగలు వంచనయు నాడంబరమును మాని సత్ప్రవర్తనము బూనగా తుట్టె పాడువడినదట! 1723లో నాతడు ధర్మపాఠశాలలపై నొక వ్యాసమును గూడ జేర్చెను. దాతలు పాఠశాలలు పెట్టుట గర్వముచేతను, పెత్తనముపై మక్కువచేతను; బీదపిల్లలు చదువుకొన్నచో బరువుపనులు చేయువారు దొరకరు; కావున వారిని చదువురానివారినిగా నుంచుటయే దేశమునకు క్షేమము అని యందు వాదించెను. మిడిల్‌సెక్సు గ్రాండుజూరీవారు ఆ యేడే యా గ్రంథమును ప్రజోపద్రవమని నిందించిరి. జూరీవారి యాగ్రహము మాట యటుండనిండు. దాతల మనస్సు స్వచ్ఛము కాదనుటనుండి పిల్లలకు చదువు వలదనుటకు బోయిన యీ త్రోవను జూడుడు. ఇచ్చువాని గర్వ మెంతయైనను, బాలుడు నేర్చిన యక్షరములు అక్షరములు కాకపోవునా?

దీనికి నిజమైన ప్రత్యుత్తర మిచ్చినవాడు జోసఫ్ బట్లరు. లండనులోని రోల్సు ప్రార్థనాలయమున దాను జేసిన పదునైదు ఉపన్యాసములను ఆతడు 1726లో బ్రకటించెను. ఆకలిగొన్నవాడు కోరునది అన్నమును. తన సంతోషమును గాదు. అన్నముపై గోరిక ముందుండుటచేతనే తినుటలో దృప్తి గలుగుచున్నది. అట్లే పరుల మేలుపై గోరిక ముందున్నగాని పరోపకారమున సంతోషము పుట్టనేరదు. బిడ్డకు జ్వరము తగ్గినదని తల్లి సంతోషించుచున్నది. ఆ బిడ్డపై బ్రేమ లేనివారి కా సంతోష మేల లేదు? సంతోషము ప్రేమకు ఫలము, కారణము కాదు. జాలి యనగా అట్టి యాపద తనకును వచ్చునను భయమే యని హాబ్సు మఱియొకచో జెప్పియుండెను. అట్లయినచో మిక్కిలి పిఱికివాడే మిక్కిలి దయాళువు కావలెను గదా యని బట్లరు ఖండించెను.

ఆఱు పెన్నీల చిక్కును 20వ శతాబ్దమున మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగములకును బెట్టిరి. తన బాధ తీఱుటకే మనుష్యుడు సాయము చేయునేని, ఆ దృశ్యమును విడిచి తేలికగా వెడలిపోవు వీలున్నప్పుడు వెడలిపోవలెను. అమెరికాలోని కాన్సాసు విశ్వవిద్యాలయమున డేనియల్ బాట్సన్ బృందమువారు, విద్యుద్ఘాతములు తినుచున్నట్లు నటించు నొక యువతిని విద్యార్థులకు జూపి, ఫలితములను 1981లో బ్రకటించిరి. జాలి తక్కువగా నున్నవారిలో బెక్కురు వీలు దొరకగనే తప్పుకొనిరి. జాలి హెచ్చుగా నున్నవారిలో బెక్కురు, పోవుటకు వీలున్నను, ఆమె స్థానమున దాము కూర్చుండుట కొప్పుకొనిరి. దీనితో వివాదము ముగియలేదు గాని, వాదభారము హాబ్సు పక్షమువారిపై బడినది.

మనుష్యుడు స్వార్థము కొఱకే పనిచేయునా యనునది యొక ప్రశ్న. అట్లు చేయుట యుక్తమా యనునది వేఱొక ప్రశ్న. ఈ రెండవదానితో బెనగినవాడు హెన్రీ సిడ్జ్‌విక్కు. తాను నమ్మజాలని మతసూత్రములను నమ్మితినని ప్రకటింప నొల్లక, 1869లో నాతడు కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలోని తన ఫెలో పదవిని వదలుకొనెను. 1871లో స్త్రీలు వచ్చి చదువుకొనుటకై యా పట్టణమున నొక యిల్లు అద్దెకు దీసికొనెను. ఐదుగురు విద్యార్థినులతో మొదలైన యా యిల్లే పిదప న్యూన్‌హాము కళాశాల యైనది. ఇట్టివాడు 1874లో నీతిమార్గములపై బెద్ద గ్రంథము వ్రాసి, తన సుఖము గోరుమను బుద్ధియు, ఎల్లర సుఖము గోరుమను బుద్ధియు సమానముగనే యుక్తములుగా దోచుచున్నవనియు, రెండును విరోధించుచోట నొకదానిని గెలిపింప దన తర్కమునకు శక్తి లేదనియు నొప్పుకొనెను. ఆ మొదటి ముద్రణము వైఫల్యము అను నర్థముగల పదముతో ముగిసినది. తరువాతి ముద్రణములలో నా ముగింపును మార్చెను గాని, చిక్కు విడిపోయినదని మాత్రము 1900లో మరణించువఱకు నాతడు చెప్పలేదు.