అగ్గిపెట్టెలో స్పోర్ట్సు కారు

అరచేతిలో ఇమిడెడు లోహపు కారును చూచి, ఇది పిల్లల ఆటబొమ్మయే కదా అని అనుకొనుట సహజము. కాని నిజమైన స్పోర్ట్సు కారును కొనజాలని సామాన్యుడు దాని నమూనాను స్వల్పధరకే సంపాదించి దాచుకొనగలుగుట వెనుక లోహశాస్త్రచరిత్ర యొకటి కలదు. అందలి వింత యేమనగా, ఈ బొమ్మ చౌకగా దొరకుటకు, చిరకాలము నిలుచుటకు అతి శుద్ధమైన లోహము కావలసివచ్చినది.

ఇట్టి నమూనాలను ఉక్కు అచ్చులలో పోత పోయుదురు. కరగిన లోహమును ఒత్తిడితో అచ్చులోనికి పంపగా, అది క్షణములలో గట్టిపడును. అచ్చు చేయుటకు ఖర్చు హెచ్చు. కాని ఒక్క అచ్చుతో వేలకొలది బొమ్మలు తయారగుటచే, ఒక్కొక్కదానిపై పడు భారము స్వల్పము. అయితే ఏ లోహమును పోయవలెను? ఇనుము కరగుటకు 1,538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. అంత వేడికి అచ్చు నిలువదు. సీసము 327 డిగ్రీలకే కరగును గాని అది మెత్తనిది, పైగా విషము. 1929 లో అమెరికాలోని న్యూజెర్సీ జింకు కంపెనీవారు జింకులో నూటికి 4 పాళ్లు అల్యూమినియమును, అత్యల్పముగా మెగ్నీషియమును కలిపి ‘జమాక్’ అను మిశ్రలోహమును రూపొందించిరి. బ్రిటనులో దీనినే ‘మజాక్’ అందురు. ఇది సుమారు 385 డిగ్రీల వద్ద కరగి, అచ్చులోని సన్నని గీతలను సైతము చక్కగా పట్టును.

1933 చివర లివర్‌పూలులోని మెకానో కంపెనీ తన బొమ్మరైళ్లకు తోడుగా చిన్న వాహనములను విడుదల చేసెను. వానిలో ఒక స్పోర్ట్సు కారును కలదు. 1934 లో వీనికి ‘డింకీ’ అను పేరు వచ్చెను. ఆ రైళ్ల కొలత అడుగుకు 7 మిల్లీమీటర్లు. అడుగనగా 304.8 మిల్లీమీటర్లు గనుక, 7 చే భాగింపగా సుమారు 43½ వచ్చును. సేకరణదారులు నేటికిని వాడు 1:43 నిష్పత్తి ఇట్లు పుట్టినదే. 1961 లో వెలువడిన జాగ్వార్ ఇ-టైపు కారు పొడవు సుమారు 4.45 మీటర్లు, ఈ నిష్పత్తిలో దాని నమూనా 103 మిల్లీమీటర్లుండును.

తొలి డింకీలలో కొన్ని సీసముతో పోసినవి. పిమ్మట మజాక్ వచ్చెను. చిక్కంతయు ఇచటనే కలదు. ఈ మిశ్రలోహములో సీసము లక్షకు 5 పాళ్లను మించరాదు. మించినచో అది లోహపు రేణువుల సరిహద్దులలో చేరును. గాలిలోని తేమ ఆ దారినే లోపలిభాగమును తినివేయును. బొమ్మ ఉబ్బి, పగిలి, తుదకు పొడియగును. యుద్ధమునకు ముందటి డింకీలు పెక్కు ఇట్లే నశించినవి. దీనిని జింకు తెగులందురు. పేరు తెగులైనను, ఇది ఒక బొమ్మనుండి మరియొకదానికి అంటదు. పోత పోసిన నాడే దీని బీజము పడియుండును. దీనికి చికిత్స లేదు. పొడిచోట భద్రపరచినచో క్షయము మందగించును, అంతే.

1947 లో లండనులో స్థాపించిన లెస్నీ కంపెనీలో జాక్ ఓడెల్ అను శిల్పి యుండెను. అతని కుమార్తె చదువు బడిలో, అగ్గిపెట్టెలో పట్టు బొమ్మలనే తీసికొని రానిచ్చెడివారు. అందుకని అతడామెకు చిన్న రోడ్డురోలరును చేసియిచ్చెను. 1953 లో వెలువడిన ‘మ్యాచ్‌బాక్స్’ వరుసకు ఇదియే మూలము. 1956 లో ఈ వరుసలో ఎం.జి. స్పోర్ట్సు కారు చేరినది. ఇచట నిష్పత్తి స్థిరము కాదు. బస్సైనను కారైనను పెట్టెలో పట్టవలసినదే.

1968 లో అమెరికాలోని మాటెల్ కంపెనీ సన్నని ఇరుసులతో వేగముగా దొర్లు ‘హాట్ వీల్స్’ను తెచ్చెను. లెస్నీ 1982 లో దివాలా తీసెను. డింకీ అచ్చులు కొన్ని కలకత్తా చేరి, అచట ‘నికీ టాయ్స్’ను పోసినవి.

కనుక పాత నమూనాను కొనువారు రంగు మెరుపును చూచి మురియక, క్రిందిభాగమున సన్నని పగుళ్లున్నవా, శరీరము వంగినదా యని ముందుగా పరీక్షింపవలెను.