పులుపుకి ఓర్చే రాయి

బలపం అంటే మనకి పలక మీద రాసుకునే పుల్లే గుర్తొస్తుంది. అది ఒక రాయి పేరు కూడా. ఇంగ్లీషువాళ్ళు సోప్‌స్టోన్ అనేదాన్ని మనవాళ్ళు బలపపు రాయి అన్నారు. తాకితే సబ్బులా జారుతుంది, గోటితో గీరితే పొడి రాలుతుంది. అందులో ముఖ్యమైన ఖనిజం టాల్క్. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 1, అంటే అట్టడుగు. ఇంత మెత్తటి రాయి వంటింట్లో ఎలా నిలిచిందన్నది నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపించే ప్రశ్న.

మెత్తగా ఉండబట్టే అది ఉలికి లొంగింది. 1117 నాటి బేలూరు చెన్నకేశవాలయంలో శిల్పాల నగల్లోని పూసల్ని సైతం విడివిడిగా చెక్కగలిగారంటే, అది ఈ జాతి రాయి చలవే. అలా తొలిచిన గిన్నే మన రాచ్చిప్ప. దానికి వంటింట్లో చోటిచ్చింది మాత్రం పులుసు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగుతుంది. టాల్క్‌ని ఆ పులుపు ఏమీ చెయ్యలేదు. కొత్త రాచ్చిప్పకి నూనె, పసుపు పట్టించి, గంజి పోస్తూ కొన్నాళ్ళు అలవాటు చేసేవాళ్ళు.

అప్పటి వంటంతా నేల మీదే. పొయ్యి, కత్తిపీట, రోలు అన్నీ కిందే. 1965లో ఇండేన్ మొదలై, గ్యాస్ నెమ్మదిగా ఇళ్ళకి చేరాక, పొయ్యితోపాటు వండే మనిషి కూడా లేచి నిలబడింది. స్టవ్వు సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి కాబట్టి గట్టు కట్టక తప్పలేదు. ఆ గట్టు మీదకి, దగ్గర్లో చవగ్గా దొరికే రాళ్ళు వచ్చాయి. నల్ల కడప రాయి, బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళు.

ఇవి బలపపు రాయి కన్నా గట్టివి. కానీ సున్నపురాయి జాతివి. కాల్షియం కార్బొనేట్ మీద నిమ్మరసం పడితే చర్య జరిగి పైపొర కరుగుతుంది. మా పాత గట్టు మీద నిమ్మకాయలు కోసే చోట తెల్లగా వెలిసిపోయి ఉండేది. ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, పులుపు తినేసిన చోటు. పాలరాయి కథా ఇంతే. గట్టిదనం వేరు, పులుపుకి ఓర్చుకోవడం వేరు.

ఈ తేడా రసాయన శాస్త్రవేత్తలకీ బాగా తెలుసు. అమెరికాలో వర్జీనియా గనుల సోప్‌స్టోన్‌ని ప్రయోగశాలల బల్లలకీ, సింకులకీ వాడారు. ఇప్పుడు దాన్ని గట్టుకి వేయించుకునేవాళ్ళు నమ్ముతున్నదీ ఆ గుణాన్నే. వేడి గిన్నె దించినా భయం లేదు, నీళ్ళు పీల్చదు. గీతలు మాత్రం తప్పవు. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, మినరల్ ఆయిల్ పూస్తే కలిసిపోతాయి. నూనె పట్టేకొద్దీ రాయి నల్లబడుతుంది. మెరుపు కావాలనుకునేవాళ్ళకి నచ్చదు.

మెరుపు కావాలనుకున్నవాళ్ళు గ్రానైట్‌కి మళ్ళారు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని బజార్లో గ్రానైట్ అనే అమ్ముతారు. భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో, అందులోని చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి. గీతలు పడవు, పులుపుకి లొంగదు. లేతరంగు గ్రానైట్లయితే నూనె పీల్చుకుంటాయి, వాటికి అప్పుడప్పుడూ సీలర్ పూయాలి.

ఇప్పుడు షోరూముల్లో ముందు వరసలో ఉన్నది క్వార్ట్జ్. 90 శాతం దాకా క్వార్ట్జ్ పొడి, మిగతాది రెజిన్. మరక పట్టదు, సీలర్ అక్కర్లేదు. వాడేవాళ్ళకి హాయి. కానీ పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము కోసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. నయం కాని జబ్బు. అందుకే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ రకం పలకల తయారీనీ, సరఫరానీ, బిగింపునీ నిషేధించింది. గ్రానైట్ దుమ్ములోనూ సిలికా ఉంటుంది, అయితే తక్కువ.

కాబట్టి రాయి ఎంచుకునేటప్పుడు చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. దాని మీద నిమ్మచెక్క, కాస్త నూనె రాత్రంతా ఉంచి చూడండి. మీ వంటకి పనికొస్తుందో లేదో పొద్దున్నకి తెలిసిపోతుంది. ఆర్డర్ ఇచ్చేముందు ఇంకో మాట కూడా అడగండి: నీళ్ళు పోస్తూ కోస్తారా, కోసే కుర్రాడికి మాస్కు ఉందా అని. ఇంట్లోనే కోస్తామంటే, కటింగ్ మెషిన్ ఆన్ చేసేలోపు నీళ్ళ పైపు మీరే లాగి ఇవ్వండి.