చెట్టు బొగ్గయింది, చెక్క మట్టయింది

మా గోదావరిఖని కింద ఉన్న బొగ్గంతా ఒకప్పటి చెట్లే, సుమారు పాతిక కోట్ల ఏళ్ళ నాటివి. అదే పెద్దపల్లి జిల్లాలో ఉన్న ధూళికట్ట బౌద్ధ స్తూపం వయసు మహా అయితే రెండు వేల పైచిలుకు ఏళ్ళు. 1970ల్లో తవ్విన ఆ స్తూపంలో మనం చూసేది సున్నపురాయి ఫలకాలే. మరి చెక్క ఏమైంది?

సింపుల్. గాలి అందకుండా బురదలో పూడిపోయిన చెట్టు బొగ్గవుతుంది. గాలి, తేమ, చెదలు అందిన చెక్క మట్టవుతుంది.

కానీ గుర్తులు పోలేదు. గుంటుపల్లి గుండ్రటి చైత్యం లోపల తలెత్తి చూడండి. కొండరాతిలో వాసాలు చెక్కారు! అవి ఏ బరువూ మొయ్యవు. అంతకుముందు కట్టిన చెక్క గుడుల అలవాటు అది. మన భాషలో లెగసీ కోడ్ అన్నమాట. మహారాష్ట్రలోని కార్లే గుహలో అయితే అసలు చెక్క వాసాలే ఇంకా ఉన్నాయి.

ధూళికట్టలో పడగ విప్పిన నాగు ముచిలిందుడు, అంటే వానలో బుద్ధుడికి గొడుగు పట్టినవాడు. ఆ తొలికాలంలో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. పాదాలు, బోధివృక్షం, ఖాళీ ఆసనం... అంతే.

ఆన్‌సైట్ నుంచి చెక్క బుద్ధుణ్ణి తెచ్చుకున్నవాళ్ళు ఎండలో, ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి, పగుళ్ళిస్తుంది. తడిగుడ్డ వద్దు, మెత్తటి పొడి బ్రష్ చాలు. కింద సన్నటి పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే.

మా వైపు పిల్లలకి బొగ్గు గురించి తెలిసినంత ధూళికట్ట గురించి తెలియదు. రెండూ మన నేల దాచిపెట్టినవే కదా!