బౌద్ధుడనిపించుకొనుటయు, బౌద్ధముగ నడచుటయు

సుల్తానాబాదునకు సమీపముననే, పెద్దపల్లి జిల్లా యందలి ధూళికట్టలో 1970 దశకమున పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో శాతవాహనయుగపు బౌద్ధస్తూపము బయల్పడినది. దాని సున్నపురాతి పలకలపై బుద్ధుని మానుషరూపము లేదు; పాదములు, ఆసనము మొదలగు చిహ్నములే కలవు. ఒక పలకపై ముచలిందనాగము పడగలు విప్పి నిలిచియున్నది. ఇట్టి స్తూపములను పోషించిన గృహస్థులు తమ్ము బౌద్ధులని చెప్పుకొనిరా? చెప్పుకొననిచో వారిని బౌద్ధులుగ గణింపరాదా? ఈ ప్రశ్నను విచారింపక దక్షిణాపథ బౌద్ధచరిత్రమును వ్రాయుట సరికాదు.

పాలి గ్రంథములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఉపాసకుడనగా నెవ్వడని శాక్యుడగు మహానాముడు అడిగినట్లు అంగుత్తరనికాయమున కలదు. త్రిరత్నములను శరణుజొచ్చినవాడు ఉపాసకుడు. పంచశీలములను పాటించువాడు శీలవంతుడగు ఉపాసకుడు. ఇట్లు అచట రెండు సమాధానములు వేర్వేరుగ నున్నవి. మొదటిది నోటిమాట, రెండవది నిత్యకృత్యము. నిగ్రంథుల ననుసరించుచుండిన సింహసేనాని ఉపాసకుడైనపుడు, వారికి తన యింట చిరకాలముగ జరుగుచున్న భిక్షను మానవలదని బుద్ధుడే చెప్పెను. శరణాగతి పూర్వసంబంధములన్నిటి విచ్ఛేదమును కోరలేదని దీనివలన తెలియుచున్నది.

గోదావరీతీరవాసియగు బావరి కథ దీనికి మరియొక నిదర్శనము. అశ్మకదేశమున నివసించిన ఈ బ్రాహ్మణుడు పదునార్గురు శిష్యులను బుద్ధునికడకు పంపినట్లు సుత్తనిపాతము చెప్పుచున్నది. నిర్మల్ జిల్లా బాదనకుర్తియే ఆ స్థానమని కొందరు పరిశోధకుల అభిప్రాయము. శిష్యులలో వృద్ధుడగు పింగియుడు తిరిగి వచ్చి, తన శరీరము దుర్బలమైనను మనస్సు అనుక్షణము బుద్ధునికడనే యున్నదని గురువునకు చెప్పెను. దూరమున నున్నవాని సాధనకు ఇంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము మనప్రాంతమునకు సంబంధించి అరుదు.

శాసనముల సాక్ష్యము గూడ గమనింపదగినది. అమరావతిలో పూర్ణఘటఫలకమును దానమిచ్చిన విధికుడు తన్ను చర్మకారుడనియు, నాగోపాధ్యాయుని పుత్రుడనియు చెప్పుకొనెను. ఉపాసక, ఉపాసికా శబ్దములు కొన్ని శాసనములలో లేకపోలేదు. కాని వృత్తి, కులము, గ్రామము, బంధుత్వము వీనిని చెప్పుకొనుటయే అధికము. ఇక నాగార్జునకొండలో ఇక్ష్వాకురాజగు చాంతమూలుడు అశ్వమేధ వాజపేయములను ఆచరించినవాడు. ఆయన సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు దాత్రి. ఆమె తన దానఫలమును ఉభయకులములకును సమర్పించినది. ఒకే యింట యజ్ఞమును చైత్యమును పరస్పరవిరోధము లేక నిలిచినవి.

అట్లయిన నామముతో పనిలేదని నిర్ణయింపవచ్చునా? వింశతిశతాబ్ది చరిత్రము దీనికి ఒడంబడదు. 1956 అక్టోబరు 14న నాగపురమున డాక్టరు అంబేడ్కరు దీక్ష గైకొని, తన అనుచరులకు ఇరువదిరెండు ప్రతిజ్ఞలను ఇచ్చెను. 16న ఆదిలాబాదు ప్రాంతమునకు పొరుగుననున్న చాందాలోను దీక్షాకార్యక్రమము జరిగెను. పూర్వదేవతారాధనమును, శ్రాద్ధమును విడుతుమని ఈ ప్రతిజ్ఞలలో స్పష్టముగ కలదు. సింహసేనానికి అక్కరలేని విచ్ఛేదము వీరి కేల అవసరమయ్యెను? విధికునకు చర్మకారనామము దానశాసనమున చెక్కించుకొనదగినది. వీరికి మాత్రము జన్మనామమే అవమానకారణముగ చేయబడినది. ఆ నామమును త్యజించుటయే ఆచరణమున మొదటిమెట్టు.

ఈ ప్రకటనకు మూల్యమును గూడ చెల్లింపవలసి వచ్చెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకును, 1990లో మాత్రమే బౌద్ధులకును అది విస్తరించినది. నడుమ ముప్పదినాలుగేండ్లు ఇంట త్రిశరణములను పఠించువాడు పత్రమున నేమి వ్రాయవలెననునది కేవలము తాత్త్వికచర్చ కాదు. బిడ్డ చదువునకును ఉద్యోగమునకును సంబంధించిన విషయము. 2011 జనగణనమున దేశమందలి బౌద్ధులు సుమారు 84 లక్షలు. పత్రమున వ్రాయించుకొనని ఆచరణము ఈ సంఖ్యలో చేరదు.

కావున పరిశోధకునకు రెండు జాగ్రత్తలు అవసరము. ప్రాచీనదాతల మౌనమును శ్రద్ధాలోపముగ భావింపరాదు. ఆధునికుల ప్రకటనను రాజకీయమాత్రముగ త్రోసివేయరాదు. నామము నొల్లని ఆచరణమును, నామమే ఆచరణమైన సందర్భమును ఈ నేల రెంటిని ఎరుగును. పేరు చెప్పుకొనుటకు ఎవడు ఎంత మూల్యము నిచ్చెనో, చెప్పుకొనకుండుటకు ఎంత నిచ్చెనో తూచినపిదపనే చరిత్రకారుడు తీర్పు చెప్పవలెను.